మూడు కిలోమీటర్ల దిగువకు ఒక నలుసు

ముడిసరుకు నీళ్లలోనే ఉంది. సముద్రపు పైనీటిని ఒక లీటరు ముంచి చూస్తే అందులో 20 నుంచి 25 మిల్లీగ్రాముల కార్బన్ కరిగి ఉంటుంది. కార్బన్ డై ఆక్సైడ్ వాయువుగా ఉన్నది అందులో నూటికి ఒక వంతు కూడా ఉండదు. తొంభై వంతుల దాకా బైకార్బొనేట్, అంటే వంటసోడాలో ఉండేదే. గాలిలోని వాయువు పైపొరలో కరుగుతుంది, పైపొరలోది గాలిలోకి లేస్తుంది. ఈ రాకపోకలకు ఆపు లేదు. ఆ కార్బన్‌ను పైపొర నుంచి విడదీసి గాలి సోకని లోతుకు చేర్చాలంటే ముందు దాన్ని ఘనపదార్థంగా మార్చాలి, ఆ తర్వాత బరువు కట్టాలి, ఆపైన దారి పొడవునా తినేవాళ్ల నుంచి తప్పించాలి. సముద్రంలో ఈ పనులన్నీ కంటికి ఆనీ ఆనని జీవులు చేసిపెడతాయి. బంగాళాఖాతంలో బరువు కట్టే పనికి మాత్రం గంగా బ్రహ్మపుత్రలు, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ కూడా తోడవుతాయి.

పని ఊపందుకునేది వానకాలంలో. గోదావరి ఏడాది మొత్తంలో మోసే నీటిలో అత్యధిక భాగం జూన్, అక్టోబరు మధ్యనే దిగుతుంది. ధవళేశ్వరం దగ్గర గేట్లు ఎత్తాక ఎర్రనీరు గౌతమి, వసిష్ఠ పాయల్లోంచి మొగలు దాటి కడలిలో పడుతుంది. మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పరుచుకుంటుంది. మామూలుగా కిలో సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పుంటే, వానకాలం ముగిసేసరికి ఉత్తర బంగాళాఖాతం పైపొరలో అది 30 గ్రాముల లోపుకు దిగుతుంది. ఈ తేలికపాటి పొర మూతలా కూర్చుంటే గాలి ఎంత వీచినా కింది నీరు పైకి కలవదు. నత్రజని, భాస్వరం కిందే ఉండిపోతాయి. నదులు తెచ్చిన ఎరువు చాలా వరకు తీరం దగ్గరే ఖర్చయిపోతుంది. బంగాళాఖాతం నడిమి నీళ్లు అరేబియా సముద్రమంత పచ్చగా ఉండకపోవడానికి ఇదే పెద్ద కారణం. మూతను బద్దలు కొట్టేది తుఫాను. 2014 అక్టోబరులో విశాఖను తాకిన హుద్‌హుద్ తన దారిలో కింది నీటిని కలియబెట్టాక అక్కడ పచ్చదనం పెరగడాన్ని, నీటిలో మునుగుతూ తేలుతూ కొలతలు తీసే బయో ఆర్గో పరికరం నమోదు చేసింది.

ఎండ, ఎరువు రెండూ ఒకచోట దొరికాక వృక్షప్లవకాలు అందుకుంటాయి. ఇవి నీటి వాలున కొట్టుకుపోయే ఒంటికణపు మొక్కలు. వీటిలో ఈ పనికి పేరుపడినవి డయాటమ్‌లు. మిల్లీమీటరులో వందో వంతు నుంచి పదో వంతు వరకు ఉండే ఈ కణాలు, నదులు తెచ్చిన సిలికాను నీటిలోంచి లాగి తమ చుట్టూ గాజు పెట్టె కట్టుకుంటాయి. పరిస్థితి అనుకూలిస్తే ఒక కణం రోజుకు రెండవుతుంది. పాళ్లు దాదాపు ఖాయం: 106 కార్బన్ అణువులకు 16 నత్రజని, 15 సిలికాన్, 1 భాస్వరం. ఒక్క భాస్వరం అణువు దొరక్కపోతే 106 కార్బన్‌ల పని ఆగిపోతుంది. ఇంత పొదుపైన కొలత ఉన్న తయారీని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు లెక్క మొదలుపెడదాం. ప్లవకాలు వెయ్యి గ్రాముల కార్బన్‌ను ఒంట పట్టించుకున్నాయనుకుందాం. నీటిలోంచి 3 కిలోల 670 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ తగ్గినట్టు. ఇందులో ఎనిమిది, తొమ్మిది వందల గ్రాములు ఎండ సోకే పొర దాటనే దాటవు. కణాలే రాత్రిళ్లు కొంత ఊపిరిగా వదిలేస్తాయి, ఒంటికణపు జంతువులు కొంత తింటాయి, వైరస్‌లు పగలగొట్టిన కణాల రసాన్ని బాక్టీరియా తాగేస్తుంది. తయారైన కార్బన్ కొద్ది రోజుల్లోనే మళ్లీ వాయువై అదే నీటిలో కలుస్తుంది. వంద మీటర్ల గీత దాటి కిందికి దిగేది ఇంచుమించు వంద గ్రాములు. మన కథ ఆ వంద గ్రాములదే.

ఒంటరి కణం దిగలేదు. దాని వేగం రోజుకు ఒక మీటరు అటూ ఇటూగా ఉంటుంది. ఆ నడకన మూడు వేల మీటర్ల అడుగు చేరాలంటే ఎనిమిదేళ్లు పైనే పడుతుంది, అన్నాళ్లు దాన్ని ఎవరూ మిగల్చరు. కాబట్టి మూట కట్టాలి. మూట కట్టడానికి రెండు పద్ధతులున్నాయి.

మొదటిది కోపెపాడ్‌ల పద్ధతి. ఇవి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పొడవుండే, రొయ్యల దూరపు బంధువులు. ముందు కాళ్లతో నీటిని తోడుకుంటూ డయాటమ్‌లను ఏరి నములుతాయి. వెచ్చటి నీటిలో ఆహారం పేగు దాటడానికి గంట లోపే చాలు. ఒంటికి పట్టినది పోగా దాదాపు మూడో వంతు బయటికి వస్తుంది. వచ్చేటప్పుడు పేగు దాని చుట్టూ పల్చటి పొర ఒకటి చుట్టి పంపుతుంది. పగిలిన గాజు పెంకులు, సగం అరిగిన పచ్చదనం, నీటితోపాటు మింగిన బంకమట్టి, అన్నీ ఆ పొరలో బిగుతుగా ఉంటాయి. అర మిల్లీమీటరు కూడా ఉండని ఈ పెంటిక జాతిని బట్టి రోజుకు పది మీటర్ల నుంచి రెండు వందల మీటర్ల దాకా దిగుతుంది. సాల్ప్ అనే జెల్లీ జీవులు వదిలేవైతే రోజుకు వేయి మీటర్లు దాటడమూ ఉంది.

రెండోది జిగురు పద్ధతి. ఎరువు తగ్గిపోయాక కూడా డయాటమ్‌లు ఎండను పట్టడం మానవు. నత్రజని లేనిదే కొత్త కణం కట్టలేవు కాబట్టి చేతికందిన కార్బన్‌ను చక్కెరల గొలుసులుగా అల్లి నీటిలోకి వదిలేస్తాయి. ఆ గొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని గంజి లాంటి జిగురు కడతాయి. నీటిలో అది కనబడదు. 1993లో ఆలిస్ ఆల్‌డ్రెడ్జ్, ఉటా పాసో, బ్రూస్ లోగన్‌లు ఆల్షియన్ బ్లూ అనే రంగు వేసి చూస్తేనే అది ఎంత విరివిగా ఉందో తేలింది. కెరటాల కుదుపులో కణాలు ఒకదానికొకటి తగులుతాయి. జిగురుంటే అతుక్కుంటాయి. వేగంగా దిగేది నెమ్మదిగా దిగేవాటిని దారిలో ఊడ్చుకుంటూ పోతుంది. ఓయికోప్లూరా అనే చిన్న జీవి ఆహారం వడకట్టుకోవడానికి తన చుట్టూ జిగురు ఇల్లు కట్టుకుంటుంది. వల పూడిపోగానే దాన్ని వదిలేసి మరొకటి కడుతుంది, రోజుకు అలా నాలుగైదు ఇళ్లు విడుస్తుంది. ఆ పాత ఇళ్లూ ఇందులో చేరతాయి. ఇలా పోగుపడి అర మిల్లీమీటరు మించిన నలుసుల్ని మెరైన్ స్నో అంటారు. జపాన్ శాస్త్రవేత్తలు సుజుకి, కాటో 1950ల మొదట్లో నీటి అడుగుకు దిగి, లైటు వెలుగులో ఎడతెగకుండా రాలుతున్న తెల్లటి నలుసుల్ని చూసి ఆ పేరు పెట్టారు.

పెద్ద నలుసులో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నీరే ఉంటుంది. జిగురు సముద్రపు నీటికంటే బరువేమీ కాదు, నలుసును పైకే లాగుతుంది. అందుకే బరువు కట్టే దశ కీలకం. సముద్రపు నీరు లీటరు 1,025 గ్రాములు తూగుతుంది. అంతే పరిమాణంలో జీవపదార్థం కొద్దిగా ఎక్కువ, 1,060 దగ్గర ఉంటుంది. డయాటమ్ గాజు పెంకు 2,100 దాకా, నది తెచ్చిన బంకమట్టి 2,600 పైన, సున్నపు పెంకు 2,700 తూగుతాయి. దిగే వేగం ఈ బరువు తేడాను బట్టి పెరుగుతుంది. ఇసుక మొగ దగ్గరే దిగబడిపోతుంది, మెత్తటి బంకమట్టి రేణువులు మాత్రం మంచినీటి పొర మీద సవారీ చేస్తూ తీరానికి చాలా దూరం పోతాయి. అక్కడ జిగురు వాటిని పట్టుకుంటుంది. పట్టుకున్న క్షణం నుంచి రెండూ కలిసే దిగుతాయి. మట్టి లేకపోతే జిగురు తేలుతుంది, జిగురు లేకపోతే అంత సన్నటి మట్టి ఏళ్ల తరబడి వేలాడుతుంది.

ఈ సంగతి బంగాళాఖాతంలోనే స్పష్టంగా బయటపడింది. జర్మనీలోని హాంబుర్గ్ విశ్వవిద్యాలయం, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కలిసి 1987లో ఇక్కడ లోతుల్లో, రాలే నలుసుల్ని పట్టే ట్రాప్‌లు వేలాడదీశాయి. వేణుగోపాలన్ ఇట్టెక్కోట్, ఆయన సహచరులు 1991లో ‘నేచర్’ పత్రికలో ఆ ఫలితాలు వెల్లడించారు. నదుల వరద కలిసే కాలంలో లోతుకు రాలే పదార్థం పెరుగుతోంది. పైన పచ్చదనం తక్కువైనా కిందికి చేరే కార్బన్ అరేబియా సముద్రంతో పోల్చదగినంత ఉంటోంది. ఒకే వరద ఎరువుకు అడ్డుపడుతోంది, తయారైన సరుకుకు బరువునూ ఇస్తోంది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి నిలిపేది ఈ దశే. అందుకే మరొక లెక్క నన్ను కలవరపెడుతుంది. 1970లతో పోలిస్తే 1990ల నాటికి గోదావరి డెల్టాకు చేరే ఒండ్రు సగం కంటే తక్కువకు పడిపోయిందని, కారణం ఎగువన కట్టిన ఆనకట్టలని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో తేల్చారు. ఆ మాట తీరం కోత గురించి చెప్పింది. ఆగిపోయిన ఆ మట్టి తీరానికి ఎంత అవసరమో నడిసముద్రపు నలుసుకూ అంతే అవసరం.

బరువెక్కిన నలుసు రోజుకు యాభై నుంచి నూరు మీటర్లు దిగుతుంది. పైన నీరు 28, 29 డిగ్రీల వెచ్చన. ఐదు వందల మీటర్ల దగ్గర 10 డిగ్రీలు, వెయ్యి దగ్గర 6 లేదా 7, మూడు వేల దగ్గర సుమారు 2. చల్లబడే కొద్దీ నీరు చిక్కబడుతుంది. అడుగునీటి చిక్కదనం పైనీటికి దాదాపు రెట్టింపు. అంటే అదే నలుసు కింద మరింత కష్టపడి దిగాలి. మొదటి వంద మీటర్లలోనే ఇంకో అడ్డంకి ఉంది. స్టాన్‌ఫోర్డ్‌లో రాహుల్ ఛాజ్వా, మనూ ప్రకాశ్‌ల బృందం గుండ్రంగా తిరిగే నీటి చక్రంలో నలుసును ఎడతెగకుండా దిగనిచ్చి సూక్ష్మదర్శినిలో చూసింది. నలుసు వెనక కంటికి కనబడని జిగురు తోక సాగుతుంటుంది. ఆ తోక వల్ల నలుసు పైపొరలో ఉండే కాలం రెట్టింపవుతోందని వారు 2024లో చెప్పారు.

ఇక కార్బన్ విడుదల. నలుసు నీటిలో పడ్డప్పటి నుంచే దాని మీద బాక్టీరియా వాలుతుంది. పైనీటిలో మిల్లీలీటరుకు పది లక్షల బాక్టీరియా ఉంటే, అంతే పరిమాణంలో నలుసులో వందల రెట్లు ఉంటుంది. బాక్టీరియాకు నోరు లేదు. ఎంజైములను బయటికి వదిలి పెద్ద అణువులను ముక్కలు చేసి, ఆ ముక్కలను పీల్చుకుంటుంది. కోసినదంతా తానే తినదు. మిగిలింది నీటిలోకి కారిపోతుంది, నలుసు వెనక దాని చారిక సాగుతుంది. చారికలోని రసాన్ని విడిగా తిరిగే బాక్టీరియా తాగుతుంది. నత్రజని, భాస్వరం ముందు పోతాయి, కార్బన్ తర్వాత పోతుంది. అందువల్ల నలుసు దిగేకొద్దీ, మిగిలినదాంట్లో కార్బన్ పాలు పెరుగుతుంది. బాక్టీరియా పీల్చిన కార్బన్‌లో నూటికి డెబ్భై నుంచి తొంభై వంతులు ఊపిరిగా, అంటే కార్బన్ డై ఆక్సైడ్‌గా నీటిలోకి వెళ్లిపోతాయి. ఈ పనికి ఖర్చు ఆక్సిజన్: ఒక గ్రాము కార్బన్ విడుదలకు సుమారు మూడున్నర గ్రాములు.

బంగాళాఖాతంలో ఆ ఖర్చు భరించడం కష్టం. నూట యాభై మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్ల దాకా ఇక్కడి నీటిలో ఆక్సిజన్ దాదాపు నిండుకుని ఉంటుంది, లీటరుకు నానోమోల్ లెక్కలో కొలిచేంత. అరేబియా సముద్రంలో అదే లోతున అది పూర్తిగా అయిపోయి, బాక్టీరియా నైట్రేట్‌ను వాడుకుని నత్రజనిని గాలిలోకి వదులుతుంది. బంగాళాఖాతం ఆ అంచు దాకా వచ్చి ఆగిందని 2017లో వచ్చిన పరిశోధన చూపింది. ఎందుకు ఆగిందన్నదానికి చెప్పే కారణాల్లో నది మట్టి కూడా ఒకటి. మట్టి కట్టిన నలుసు ఆ పొరను త్వరగా దాటిపోతే అక్కడ ఖర్చయ్యే ఆక్సిజన్ తగ్గుతుంది. నాకు ఇది సబబుగా తోస్తుంది.

తినేది బాక్టీరియా ఒక్కటే కాదు. కోపెపాడ్‌ల వంటి జంతుప్లవకాలు నలుసును పట్టుకుని కొరుకుతాయి, వాటి ఈత కుదుపుకే కొన్ని విరుగుతాయి. లోతుకు పోయేకొద్దీ పెద్ద నలుసులు తగ్గిపోవడంలో దాదాపు సగం ఇలా ముక్కలవడం వల్లనేనని 2020లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన లెక్క చెబుతుంది. ముక్క చిన్నదైతే వేగం పడిపోతుంది, వేగం పడితే బాక్టీరియాకు తీరిక దొరుకుతుంది. చీకటి పడగానే మేతకు పైకి లేచి, తెల్లవారేసరికి నాలుగైదు వందల మీటర్లకు దిగే కోపెపాడ్‌లు, చిన్న చేపలు పైన తిన్నదాన్ని కింద ఊపిరిగా వదిలి కొంత కార్బన్‌ను నలుసు అవసరం లేకుండానే మోస్తాయి.

ఎంత మిగులుతుందో 1987లో జాన్ మార్టిన్, సహచరులు ఈశాన్య పసిఫిక్‌లో కొలిచి సూత్రం కట్టారు. దాని ప్రకారం వంద మీటర్ల గీత దాటిన వంద గ్రాముల్లో రెండు వందల మీటర్ల దగ్గర 55, ఐదు వందల దగ్గర 25, వెయ్యి దగ్గర 14, రెండు వేల దగ్గర 8, మూడు వేల దగ్గర 5 గ్రాములు ఉంటాయి. ప్రతి సముద్రానికీ ఈ వంపు కొంత మారుతుంది. కానీ నష్టంలో ఎక్కువ భాగం మొదటి వెయ్యి మీటర్లలోనే జరుగుతుందన్నది అంతటా నిజం. అక్కడ నీరు వెచ్చన, తినేవాళ్లు ఎక్కువ. దిగువన పది డిగ్రీల చలి పెరిగితే బాక్టీరియా పని వేగం రెండో వంతుకో మూడో వంతుకో తగ్గుతుంది. మూడు వందల వాతావరణాల ఒత్తిడి కూడా వాటిని నెమ్మదింపజేస్తుంది.

కొలిచేవాళ్ల నేర్పూ చెప్పుకోవాలి. సెడిమెంట్ ట్రాప్ అంటే మూతి వెడల్పైన గరాటు. బాగా వాడుకలో ఉన్న నమూనాకు మూతి అర చదరపు మీటరు, కింద 21 సీసాలున్న చక్రం. మోటారు ఒక్కో సీసాను పదిహేడు రోజులు మూతి కింద ఉంచితే ఏడాది గడుస్తుంది. పడ్డ నలుసును సీసాలో ఎవరూ తినకుండా మెర్క్యూరిక్ క్లోరైడో ఫార్మలినో కలిపిన చిక్కటి ఉప్పునీరు ముందే నింపుతారు. లంగరుగా తరచూ పాత రైలు చక్రాలు కడతారు, పైన గాజు బుడ్డీలు తాడును నిలబెడతాయి. ఏడాది తర్వాత ఓడ మీద నుంచి శబ్ద సంకేతం పంపితే కొక్కెం వదులుతుంది, లంగరు అడుగున ఉండిపోయి మిగిలింది పైకి తేలుతుంది. అడుగున రోజుకు చదరపు మీటరుకు ఏడు మిల్లీగ్రాముల కార్బన్ రాలుతుందనుకుంటే, ఒక సీసాలో చేరేది అరవై మిల్లీగ్రాములు. ఏడాది శ్రమకు అలాంటివి ఇరవయ్యొక్క చిటికెలు దక్కుతాయి.

ఆ చిటికెను వృథా కానివ్వరు. ముందు ఒక మిల్లీమీటరు జల్లెడ పట్టి, రాలకుండా తామే ఈదుకొచ్చి సీసాలో చచ్చిన జీవులను పట్టకారుతో ఒక్కొక్కటే తీసేస్తారు. స్విమ్మర్లనే వీటిని వదిలేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. మిగిలినదాన్ని తిరిగే పరికరంలో సరిసమానంగా పది వాటాలు చేస్తారు. ఒక వాటాను వడగట్టి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, అగేట్ రాతి కల్వంలో నూరతారు. సున్నపు పెంకుల కార్బన్ పోవడానికి ఆమ్లం పోస్తారు. చివరికి కొన్ని మిల్లీగ్రాములు తగరపు గుళికలో చుట్టి, ఆక్సిజన్ పారే కొలిమిలో వెయ్యి డిగ్రీల దగ్గర మండిస్తారు. వచ్చే కార్బన్ డై ఆక్సైడ్‌ను కొలిస్తే అసలు కార్బన్ తెలుస్తుంది. పై లోతుల్లో ప్రవాహాలు గరాటును మోసం చేస్తాయి కాబట్టి అక్కడ థోరియం-234 సాయం తీసుకుంటారు. నీటిలోని యురేనియం నుంచి నిత్యం పుట్టే ఈ మూలకం నలుసులకు అంటుకుని దిగిపోతుంది, 24 రోజుల్లో సగమవుతుంది. ఉండాల్సిన దానికంటే ఎంత తగ్గిందో చూస్తే గడిచిన కొన్ని వారాల్లో ఎన్ని నలుసులు దిగాయో తేలుతుంది.

అడుగు చేరిన ఐదు గ్రాములకూ విశ్రాంతి లేదు. సముద్రదోసకాయలు, పురుగులు పైపొర పది సెంటీమీటర్ల మేర బురదను తిని, తిరగేసి, మళ్లీ తింటాయి. ప్రపంచం మొత్తం మీద మొదటి వెయ్యి గ్రాములకు బురదలో శాశ్వతంగా పూడేది సుమారు మూడు గ్రాములు, అదీ అత్యధికంగా తీరాలకు దగ్గర్లోనే. బంగాళాఖాతం అడుగున పరుచుకున్న బెంగాల్ ఫ్యాన్ అనే మేట ప్రపంచంలోకెల్లా పెద్దది, కొన్నిచోట్ల పదహారు కిలోమీటర్ల మందం. హిమాలయాల నుంచి వచ్చిన మట్టి అక్కడ అంత వేగంగా కప్పేస్తుంది కాబట్టి, నదులు నేల మీద నుంచి తెచ్చిన కార్బన్‌లో దాదాపు అంతా అందులో భద్రంగా ఉంటోందని 2007లో ‘నేచర్’లో వచ్చిన పరిశోధన తేల్చింది.

పూడినదాని కంటే దారిలో కరిగినదే నిల్వలో పెద్దది. మూడు వందల మీటర్ల దగ్గర విడుదలైన కార్బన్ డై ఆక్సైడ్ కొన్ని దశాబ్దాల్లోనే గాలి ముఖం చూస్తుంది. మూడు వేల మీటర్ల దగ్గర విడుదలైంది శతాబ్దాలు ఆగుతుంది. నలుసు ఇంకో రెండు వేల ఏడు వందల మీటర్లు ఎక్కువ దిగితే వచ్చే లాభం ఇదే. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 ఉన్న కార్బన్ డై ఆక్సైడ్, సముద్రంలో ఈ దిగే పని లేకపోతే ఇంకో 150 నుంచి 200 పాళ్లు ఎక్కువగా ఉండేదని అంచనా. బంగాళాఖాతం లోతుల్లో కరిగిన కార్బన్‌ను పట్టుకున్న నీరు మెల్లగా దక్షిణానికి కదులుతుంది. అంటార్కిటికా చుట్టూ వీచే పడమటి గాలులు పైనీటిని పక్కకు తోసేచోట ఆ నీరు పైకి వస్తుంది, తనలో ఉన్నదాంట్లో కొంత గాలికి వదులుతుంది.